దించని అద్దం

ఉదయం. వంటగది బల్లకు ఒక చివర తల్లి ఎడమచేత్తో బీన్స్ ఈనెలు తీస్తోంది. రెండో చివర కూతురు ఆఫీసు లాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"ఆ కుడిచేతికి కట్టేంటో ఇంకా చెప్పలేదు నువ్వు."

"చెప్పాగా. బాత్‌రూంలో కాలు జారింది."

"నిన్న మెట్ల మీద అన్నావు."

"బాత్‌రూం ముందు మెట్టు లేదూ, అక్కడ. అది సరే గానీ, పొద్దున్నే ఆ మొహమేంటి? ఉద్యోగానికేం కాలేదుగా?"

"ఎప్పుడూ అదే భయం నీకు. నా ఉద్యోగానికేం కాలేదు. డ్రైవరుకే వచ్చి పడింది."

"ఏ డ్రైవరుకి?"

"నువ్వొచ్చిన రోజు నీ సూట్‌కేసు పైదాకా మోసుకొచ్చాడే, అతనే. మా డైరెక్టరుగారి బండి నడుపుతాడు. మొన్న సాయంత్రం మన సందు మలుపులో ఎవరో పెద్దావిణ్ణి గుద్దాడు."

"ఎవరో... అంటే?"

"తెలీదు. మందుల షాపాయన గిరాకీని వదిలి బయటికొచ్చేసరికి బండి వెళ్ళిపోతోందట. ఆవిడేమో తలమీద కొంగు కప్పుకుని గబగబా అటు తిరిగిపోయిందట. ఆయన బండి నంబరు పోలీసులకిచ్చాడు."

"ఆయనకెందుకే ఊళ్ళో గొడవలు? ఆవిడే పోనీలే అనుకుని వెళ్ళిపోతే."

"తలకి దెబ్బ తగిలి ఏ మూలో పడి ఉంటే?"

"పడలేదులే."

"నీకేం తెలుసు?"

"అంటే, నడిచి వెళ్ళిందన్నావుగా. పోలీసులు నీ దగ్గరికి రారు కదా?"

"మా గేటు దాటి లోపలికే రాలేరు. మాది ఒక్క దేశపు ఆఫీసు కాదమ్మా, బోలెడు దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ. ఆఫీసు పనిలో ఏం జరిగినా ఇక్కడి కోర్టులు మా వాళ్ళని పిలవలేవు. దాన్నే ఇమ్యూనిటీ అంటారు."

"అది టీకాలేస్తే వచ్చేది కదే?"

"ఇదీ అలాంటిదే అనుకో. సంస్థలో చేరగానే పడుతుంది."

"అమ్మయ్య. అయితే ఆ అబ్బాయికీ పడే ఉంటుంది. ఇంకేం, బతికిపోయాడు."

"తీసేస్తున్నాం."

"దేన్ని?"

"అతని రక్షణని. మాకేం అభ్యంతరం లేదు, కేసు పెట్టుకోండని డైరెక్టరుగారు సంతకం చేస్తారు. ఆ కాగితం రాయాల్సింది నేను. ఆయన ఆఫీసుకొచ్చేసరికి పంపెయ్యాలి."

"వాడికి చంటిపిల్లుందే. ఫోన్లో చూపించాడు నాకు. నువ్వు లాయరువి కదా, వాడి తరఫున ఓ మాట చెప్పరాదూ."

"నేను సంస్థ లాయర్నమ్మా. నా క్లయింటు సంస్థే, అతను కాదు. అతని తరఫున మాట్లాడితే నన్నే పీకేస్తారు."

"అలాగైతే వద్దు. వద్దు తల్లీ. నోరు మూసుకునుండు."

"అదే చేస్తున్నా. కానీ ఎక్కడో తేడాగా ఉంది. బండి తనే నడిపానని రాసిన కాగితం మీద ఆ డ్రైవరు చదవకుండా సంతకం పెట్టేశాడు. ఆవిడెవరయ్యా, ఎలా ఉంది అంటే నేలచూపులు. నన్ను చూస్తే మరీను. ఎవరో నోరు కుట్టేసినట్టు."

"ఎవరు కుడతారు? భయపడి ఉంటాడు."

"డైరెక్టరుగారికి ఎప్పుడూ లేనంత తొందర. ఆవిడ దొరికేదాకా ఆగుదామన్నాను. అక్కర్లేదన్నారు. ఆవిడ వచ్చి ఒక్క మాట చెబితే..."

"చెబితే నీ ఉద్యోగం ఉంటుందా?"

"దానికీ నా ఉద్యోగానికీ ఏం సంబంధం?"

"ఏం లేదు, ఊరికే. జైల్లో వేస్తారా వాణ్ణి?"

"వేస్తారు. గుద్ది ఆపకుండా పోయాడని కూడా రాశాం, అందుకని ఎక్కువే పడుతుంది."

"ఆపకుండా పోవడమేంటి? ఆగింది బండి. నీళ్ళు కూడా తాగించాడు."

"ఏమన్నావు?"

"నేనా? ఏమీ అన్లేదే."

"అమ్మా. ఆ చెయ్యిలా ఇవ్వు."

"ఉండవే, పొయ్యి మీద పాలు..."

"పొయ్యి వెలిగించనేలేదు నువ్వు. ఇవ్వు. ఎంత వాచిందో చూడు. ఇంత దెబ్బ తగిలితే దాస్తావా?"

"బండి మీద మీ ఆఫీసు బొమ్మ చూడగానే గుండె జారిపోయింది. నీకు తెలిస్తే ఊరుకోవు, పెద్దవాళ్ళతో పెట్టుకుంటావు, ఉన్న ఉద్యోగం కాస్తా ఊడుతుంది. అందుకని మా అమ్మాయికి చెప్పొద్దని ఆ అబ్బాయి చేత నేనే ఒట్టు వేయించుకున్నా."

"డ్రైవరు గుద్దితే నేను పెద్దవాళ్ళతో ఎందుకు పెట్టుకుంటాను?"

"ముందు ఏదైనా తినవే. ఖాళీ కడుపుతో..."

"అమ్మా, అవతల ఆయన వచ్చేస్తారు. ఈ కాగితం పంపనా, ఆపనా?"

"నన్ను లేపడానికి ఆ అబ్బాయి పక్క సీట్లోంచి దిగొచ్చాడే. స్టీరింగు పట్టుకున్న మీ డైరెక్టరు కనీసం అద్దం కూడా దించలేదు."