పై గదికి వచ్చిన వంటగాడు

ఫిలింనగర్‌లో వీరరాఘవయ్య పోగొట్టినన్ని ప్రాణాలు ఎవరూ పోగొట్టి ఉండరు. పాతికేళ్లుగా సినిమాల్లో ఆయన వేసేది డాక్టరు వేషం ఒక్కటే. ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని బయటికి రావడం, కళ్లజోడు తీయడం, తల అడ్డంగా ఊపడం. ఆ తల ఊపుకి ఎంతమంది హీరోల తండ్రులు పోయారో ఆయనకే గుర్తులేదు. రాములు టీ కొట్టు దగ్గర అందరూ ఆయన్ని డాక్టరుగారనే అంటారు. జ్వరం వచ్చినవాళ్లు మాత్రం కాస్త ఎడంగా కూర్చుంటారు.

ఆ సాయంత్రం డాక్టరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఉంటున్న ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. సినిమావాళ్లంటే ఇల్లు ఇచ్చేవాళ్లు తక్కువ, ఒంటరి మగాడంటే ఇంకా తక్కువ, భార్య ఊరెళ్లడంతో ఆయన ఇప్పుడు రెండూను. ఇక మిగిలింది షేక్‌పేటలో బాలనర్సయ్య మేడ మీద గది ఒక్కటే. ఆ బాలనర్సయ్య మనిషిని చూసి చెప్తానని టీ కొట్టుకే వచ్చాడు. పెళ్లిచూపులకి కూడా వీరరాఘవయ్య అంత నున్నగా గడ్డం గీసుకుని ఉండడు.

బాలనర్సయ్య బెంచీ చివర కూర్చున్నాడు. ఒకప్పుడు షేక్‌పేటలో జొన్న వేసిన మనిషి. ఆ చేలల్లో మేడలు మొలిచాయి, ఆయనకీ ఒకటి మొలిచింది. ఆయనకి లోకం మీద నమ్మకం లేదు. వాన పడుతోందంటే చెయ్యి బయటపెట్టి చూసుకునే రకం. ఆయన నమ్మేది భార్య నాగేశ్వరిని మాత్రమే, అదీ వేరే దారి లేక.

పై గదిలో ఇంతకుముందున్న కుర్రాడు ఫోన్లో వీడియోలు చూస్తూ వంట నేర్చుకున్నాడు. అతను నేర్చుకునేలోపు కుక్కరు మూత వెళ్లి సీలింగుని గుద్దింది, కిటికీ తెర అంటుకుంది, గోడ ఇప్పటికీ అమావాస్యలాగే ఉంది. అప్పుడు నాగేశ్వరి ఒక షరతు పెట్టింది. "వంటొచ్చినోడైనా సరే, అసలు పొయ్యే ముట్టనోడైనా సరే. నేర్చుకునేటోడు మాత్రం నా ఇంట్ల అడుగు వెట్టొద్దు." వచ్చేవాడు ఏ రకమో తేల్చుకురమ్మని మొగుణ్ణి పంపింది.

ఈ షరతు మొత్తం, గది సంగతి చెప్పిన రాములు చెవిన పడలేదు. "ఓనరు వంట గురించి అడుగుతడట సార్, జర మంచిగ చెప్పుండ్రి" అని మాత్రం అన్నాడు. వీరరాఘవయ్యకి ఆ మాత్రం సందు చాలు.

"వంటొస్తదా డాక్టర్ సాబ్?" అన్నాడు బాలనర్సయ్య, టీ ఊదుకుంటూ.

"ఏదో లెండి," అన్నాడు వీరరాఘవయ్య వినయంగా. "మా అత్తగారు కాలు విరగ్గొట్టుకుంటే మా ఆవిడ శేషారత్నం తుని వెళ్లిందండీ. అప్పట్నుంచి ఇంట్లో నేనే చిన్నగా నేర్చుకుంటున్నాను. మొన్న ముద్దపప్పు చేశాను. పర్లేదు, బానే వచ్చింది."

అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. కానీ 'నేర్చుకుంటున్నాను' అన్న మాట వినగానే బాలనర్సయ్యకి నల్లగోడ కళ్లముందు నిలబడింది. ఊదుతున్నవాడల్లా ఆగాడు. ఆ మొహం చూసి, ముద్దపప్పు ఈయనకి ఆనలేదని వీరరాఘవయ్య అనుకున్నాడు.

"పప్పంటే మామూలు పప్పు కాదండీ. కుక్కరు పెట్టానా, ఒక విజిల్ వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా సందు చివర షూటింగు జరుగుతోంది, మా విజిల్ విని లంచ్ బ్రేకనుకుని యూనిట్ యూనిటంతా ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడిపోయింది, హీరోయిన్ ఏడుపు సీను సగంలో వదిలేసి ముందుగా తనే పరిగెత్తింది. రెండో విజిల్‌కి చెక్‌పోస్టు దగ్గర కార్లన్నీ ఆగిపోయాయి, ట్రాఫిక్ పోలీసు ఊదాడనుకుని. ఆ పోలీసూ సెల్యూట్ కొట్టి ఆగిపోయాడు, పైఆఫీసరు ఊదాడనుకుని. మూడోది రాకుండా నేనే గ్యాస్ కట్టేశాను. నా పప్పు కోసం జూబ్లీహిల్స్ జనం ఇబ్బంది పడటం ఎందుకండీ?"

"మరి మూత లేవలేదా?" అన్నాడు బాలనర్సయ్య అనుమానంగా.

"మూతదేముందండీ, పోపు చూడాలి మీరు!"

"పోపుల మంట లేస్తదా?"

రాములు టీ వడకడుతున్నవాడు ఆపి, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. వీరరాఘవయ్య దాన్ని 'కానివ్వండి' అని అర్థం చేసుకున్నాడు.

"లేస్తదా అని అడుగుతారేంటండీ! నూనె కాగింది, ఆవాలు వేశాను, మంట లేచింది చూడండీ, ఇంతెత్తు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క మేడ మీద రాత్రి సీను తీయాల్సినవాళ్లు లైట్లు రాక తలపట్టుకుని ఉన్నారు, నా పోపు వెలుగులో సీను మొత్తం లాగించేశారు. కెమెరామన్ కిటికీలోంచి వంగి 'గురువుగారూ, కాస్త ఎండుమిర్చి పెంచండి, హీరో మొహం డల్‌గా ఉంది' అని బతిమాలాడు. పెంచాను. ఆవాలు చిటపటమంటే మూడు సందుల అవతల ఎవరో పెళ్లి బారాత్ అనుకుని డాన్సు మొదలుపెట్టారు."

పక్క బల్ల మీద టీ తాగుతున్న పద్మప్రియ, సినిమాల్లో హెయిర్‌డ్రెస్సర్, గ్లాసు దించింది. "సార్, మొన్న సెట్లో ఉప్మాలో కరివేపాకు ఏరుతూ, ఈ ఆకుల్ని ఎవరు రాల్చారని అడిగారుగా మీరు?"

"అది క్యారెక్టర్‌లో ఉండి అడిగానమ్మా," అన్నాడాయన.

ఈయనకి గది లేదని బాలనర్సయ్య మనసులో అప్పటికే తేలిపోయింది. లేవడానికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. గది చేజారుతోందని వీరరాఘవయ్యకి అర్థమైంది. ఎందుకు జారుతోందో మాత్రం అర్థం కాలేదు. మనం కోస్తావాళ్లం, ఈయన ఇక్కడి మనిషి, ఈయన తిండి గురించి ఒక్క మంచి మాట అనలేదు, అదే తేడా కొట్టింది అనుకున్నాడు.

"కూర్చోండి, కూర్చోండి. అసలైంది చెప్పలేదు. ఆదివారం మటన్ తెచ్చాను. మేక ఎంత ముసలిదంటే నాకంటే ముందు ఇండస్ట్రీకి వచ్చినట్టుంది. ముక్క ఉడకదు. మా గోంగూర రెండు కట్టలు పడేశాను. ఊహూఁ. అప్పుడు నాకు తట్టిందండీ. ఉన్నది తెలంగాణలో, తాగేది ఇక్కడి నీళ్లు, మీ పుంటికూర పడకుండా ఈ గడ్డ మీద కూర ఎలా ఉడుకుతుంది? పరిగెత్తుకెళ్లి మంచి పుంటికూర తెచ్చి అదీ వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బాలనర్సయ్య లేవబోయినవాడు కూర్చున్నాడు. "ఏమైంది?"

"రెంటికీ పడలేదండీ! గోంగూర ఇటు తోస్తుంది, పుంటికూర అటు తోస్తుంది. నేను ముందొచ్చానని ఇది, ఈ నేల నాదని అది. గిన్నె పొయ్యి మీద గిరగిరా తిరుగుతోంది. నేను గరిటె మధ్యలో పెట్టి, 'చూడండమ్మా, మీ గొడవలు ఎలాగున్నా ఉడకాల్సింది ఒకే గిన్నెలో' అని నచ్చజెప్పాను. అరగంట పట్టింది. చివరికి రెండూ కలిసి ఎంత రుచి వచ్చిందంటే, గిన్నెలోంచి మేక ముక్క సంతోషం పట్టలేక 'మే' అంది!"

పద్మప్రియ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. రాములు ఆకాశం వైపు చూశాడు.

"రెండు ఆకులు ఎట్ల గుర్తువట్టినవ్?" అన్నాడు బాలనర్సయ్య. ఈసారి గొంతులో కొత్త మెత్తదనం.

"తెలీదేంటండీ! గోంగూర ఆకు మెత్తగా ఉంటుంది, పుంటికూర కాస్త గరుకు."

"రుచి?"

"గోంగూర పులుపు. పుంటికూర..." వీరరాఘవయ్య నాలుక మీద వెతుక్కున్నాడు. "వగరు. ఆరోగ్యానికి చాలా మంచిది."

"తమ్మీ," అన్నాడు బాలనర్సయ్య, "మీరు గోంగూర అనేదాన్నే మేము పుంటికూర అంటం. ఒక్కటే ఆకు. అద్దగంట సేపు అది దానితోనే కొట్లాడిందా?"

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా రాములు చూడలేదు. పద్మప్రియ బల్ల మీద తల పెట్టేసి నవ్వింది. రోడ్డు పక్కన కారు తుడుస్తున్న డ్రైవరెవరో కూడా నవ్వాడు.

నవ్వనిది బాలనర్సయ్య ఒక్కడే. ఆయన మొహంలో వచ్చింది నవ్వు కాదు, నెమ్మది. "అంటే నువ్వు బతుకుల పొయ్యి ముట్టలే. ఆకుకూర కొన్నదీ లేదు."

"అయ్యో, అదేం లేదండీ, నిజంగానే నేర్చుకుంటు..."

"ఆగు! ఆ మాట మల్ల అనకు." బాలనర్సయ్య చెయ్యెత్తి ఆపి, భార్య పెట్టిన షరతు మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. "నేర్చుకునేటోనికి మా ఇంటిది గది ఇయ్యనియ్యదు. ఇగ చూస్కో. నాకు వంట రాదు అని గీ అందరి ముంగట ఒక్కమాట అను, గది నీది. వస్తది అంటవా, నేను పోత."

వీరరాఘవయ్య గ్లాసులోకి చూశాడు. అందులో టీ లేదు. పాతికేళ్లలో ఆయన ఏదీ 'రాదు' అన్న పాపాన పోలేదు. గుర్రపు స్వారీ వచ్చన్నాడు, ఈత వచ్చన్నాడు, ఫ్రెంచి వచ్చన్నాడు. ఫ్రెంచి అడిగినవాడికి అది రాకపోబట్టి బతికిపోయాడు. ఇప్పుడు టీ కొట్టు టీ కొట్టంతా చెవులు రిక్కించి ఉంది.

"చెప్పేయండి సార్," అంది పద్మప్రియ మెల్లిగా. "నెలాఖరు ఎంతో లేదు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు సవరించుకున్నాడు.

"నాకు... వంట రాదు."

బాలనర్సయ్య జేబులోంచి తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. అది చేతికి తగలగానే వీరరాఘవయ్య వెన్ను మళ్లీ నిటారైంది.

"రాదంటే అందరికీ రానట్టు కాదండోయ్! నా అంతగా వంట రానివాడు జూబ్లీహిల్స్ నుంచి షేక్‌పేట దాకా ఒక్కడూ లేడు. ఒకసారి ఉత్త మంచినీళ్లు కాచానండీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బాలనర్సయ్య తెలుసుకోలేదు. వింటే తాళంచెవి వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని, సగం టీ బెంచీ మీదే వదిలేసి గబగబా బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.