అక్టోబరు పేజీ

ప్లొవ్‌దివ్ నగరంలో ఒక ఫొటో స్టూడియో. ఇంటింటికీ పంచే ఎయిడ్స్ అవగాహన క్యాలెండర్ కోసం, హెచ్ఐవీ ఉన్న ఒక పెద్దావిడ ఫొటో దిగడానికి వచ్చింది.

“గోడవైపు తిరిగి కూర్చోండమ్మా. మొహం కనపడకుండా తీస్తాను.”

“మూడు గంటలు కూర్చుని జుట్టు వంకీలు తిప్పించుకొచ్చింది నీకు వీపు చూపించడానికా, బాబూ?”

“ఊరంతా గుర్తుపడుతుందమ్మా. మిగతావాళ్లందరినీ వెనకనుంచే తీశాను.”

“పన్నెండు నెలలూ వీపులేనా? అది క్యాలెండరా, బస్సు కోసం నిలబడ్డ క్యూనా?”

“సరే, ఇటే తిరగండి. ఏ నెల వేయమంటారు?”

“అక్టోబరు. సెయింట్ పెట్కా పండుగ అప్పుడేగా. నాకు పెట్టింది ఆవిడ పేరే, అందుకే అది నా పేరు పండుగ. ఆ రోజు పిలవకపోయినా అందరూ ఇంటికి రావాలి కదా? నా జబ్బు సంగతి తెలిశాక మూడేళ్లుగా ఒక్కరూ గడప తొక్కలేదు. చేసిన గుమ్మడికాయ రొట్టెలన్నీ నేనే తినలేక చస్తున్నా.”

“ఈసారైనా వస్తారంటారా?”

“వాళ్లు రానక్కర్లేదు. ఈసారి నేనే పిలవకుండా వెళ్తా. ఒక్కొక్కరి వంటింటి గోడా ఎక్కి, ముప్ఫయ్యొక్క రోజులు దిగను. ఊఁ, తియ్యి!”