ఆమెన్ అనేదాకా

హలో… ఆ, నేనేరా, దెబోరానే. ఇంకెవరనుకున్నావు?…

చెప్పు తమ్ముడూ. ఆ గొంతేంటి అలా ఉంది? పొద్దున్న చర్చిలో గిటార్ వాయిస్తూ బాగానే పాడావుగా… జలుబా. మిరియాల కషాయం తాగు.

నేనా? ఇస్త్రీ చేసుకుంటున్నా. రేపటికి తెల్లచీర, నీలం అంచుది… లేదు, ఒక్కదాన్నే ఏం లేను. లూసీ పిన్ని చర్చి నుంచి నాతోనే వచ్చేసింది. రేపు నాకు తోడు వస్తుందట. నన్నెవరైనా ఎత్తుకుపోతే ముందు తనని ఎత్తాలట, అంత బరువు ఎవడు మోస్తాడు అంటోంది…

నవ్వవేంటి?

…ఏంటీ?

వెళ్ళొద్దా? ఎక్కడికి?… రేపా?

సామ్యూల్, ఈ మాట అంటున్నది నువ్వేనా? పోయిన ఆదివారం "నేనే కారులో దింపుతానక్కా" అన్నది ఎవరు?… భయమా. నాకు లేదా భయం? నేను రాత్రిళ్ళు పడుకుంటున్నాననుకున్నావా?…

ఆ టిక్కుమన్నదేంటి? లోపలి గదిలో ఫోన్ ఎవరైనా ఎత్తారా?… ఒక్కడివేనా. సరే.

చూడు, నేను వినొచ్చి చెబుతున్నది కాదు. చూశాను. షిఫ్ట్ దిగి కారు దగ్గరికి వెళ్తుంటే, ఆ కేసినో పార్కింగ్ గరాజ్‌లో, నాకు నాలుగు కార్ల అవతల. ఆ కుర్చీల షాపాయన్ని బానెట్ మీద బోర్లా పడేశారు. ఒకడు మణికట్టు పట్టుకున్నాడు. ఇంకొకడు సుత్తితో… ఒక్కొక్క వేలు. ఆయన అరుస్తుంటే ఆయన టైనే ఆయన నోట్లో కుక్కారు. నేను స్తంభం వెనకాల నిలబడ్డాను. ఇప్పటికీ వెల్లుల్లి దంచుతుంటే ఆ చప్పుడే. వెల్లుల్లి దంచడం మానేశాను తెలుసా…

ఎవడో జూదగాడు, ఎగ్గొట్టాడు, మనకెందుకా? అలా అనకు. నాన్న వింటే…

లేదు, నువ్వు విను. రూల్ ఏంటో తెలియకుండా మాట్లాడుతున్నావు. ఆ భవనం ఒకళ్ళది. నడిపేది ఈ కంపెనీ. నడిపేందుకు రాసుకున్న కాంట్రాక్ట్ ఈ నెలతో అయిపోతుంది. వాళ్ళూ వాళ్ళూ సంతకాలు పెట్టేసుకుంటే రెన్యూ అయిపోదు. జూదం వ్యవహారాలు చూసే స్టేట్ కమిషన్ సరే అనాలి. చట్టంలోనే ఉంది, నేను రెండుసార్లు చదివాను. బాకీ కోసం మనిషిని కొట్టించిన కంపెనీ అయితే దానికి రెన్యువల్ ఇవ్వకూడదు. కానీ చూసినవాళ్ళు రేపు స్వయంగా వచ్చి వాళ్ళ ముందు నిలబడాలి. కాగితం రాసి పంపితే చెల్లదు. ఆ షాపాయన రానంటున్నాడు, ఇంటికి తాళం వేసుకుని ఎటో పోయాడు. ఇంక మిగిలింది నేనొక్కదాన్నే. కమిషన్ ముందు విట్‌నెస్ లేకపోతే—

సామ్యూల్?

ఏంటా చప్పుడు?…

నువ్వు అరిచావు. నువ్వే అరిచావు. ఏమైంది? ఎవరక్కడ? సామ్యూల్!

…

ఆ. ఆ, వింటున్నా. మెల్లిగా చెప్పు.

…ఇద్దరు. ఒకడు నీ పక్కన. ఇంకొకడు పడకగదిలో… ఆ, ఇది చెవికి పెట్టుకుని. ఇప్పుడు కూడా వింటున్నాడు.

మన మాట రాదు వాళ్ళకి… "మా అక్కకి మా భాషలో చెబితేనే ఎక్కుతుంది" అన్నావా? మంచిపని చేశావు నాన్నా.

…అయ్యో. అయ్యో! నేను మధ్యమధ్యలో అన్న వాళ్ళ భాష ముక్కలు వాళ్ళకి తెలుస్తాయి కదూ. అవి వినబడ్డప్పుడల్లా, నువ్వు నన్ను మాన్పించట్లేదు, ఎగదోస్తున్నావని…

ఎన్ని?… రెండు వేళ్ళు. ఇప్పటిదాకా పళ్ళ బిగువున ఓర్చుకున్నావా, నేను చట్టం పాఠం చెబుతుంటే?

ఏడువు. ఏడుస్తూ బతిమాలుతున్నట్టే మాట్లాడు. నేనూ ఏడుస్తాను. అదేం కష్టం కాదులే ఇప్పుడు.

విను. వాళ్ళ భాష ముక్క ఇక నా నోట్లోంచి రాదు. మనకి అచ్చ తెలుగు ఎక్కడుందిరా అంటావా? ఉంది. ఆదివారం బడిలో అమ్మ బెత్తం పట్టుకుని నేర్పింది కదా. ఆ మాటలతో చెబుతా. బంట్రౌతులు. గుర్తుందా? ప్రభువుని పట్టుకుపోవడానికి దివిటీలతో రాత్రి తోటలోకి వచ్చారే… ఆ, వాళ్ళే. ఈ ఊరి బంట్రౌతులను పిలిపిస్తా. ఈసారి వాళ్ళు మనవైపు.

బతిమాలుతూ ఉండు, ఆపకు.

పిన్నీ. పిన్నీ, ఇలా రండి. గట్టిగా మాట్లాడకండి. తమ్ముడి ఇంట్లో ఇద్దరు దుర్మార్గులు దూరారు. మీరు పక్కింటి ముసలాయన దగ్గరికి వెళ్ళి బంట్రౌతులను పిలిపించండి… బంట్రౌతులు పిన్నీ… పిచ్చిదాన్ని చూసినట్టు చూడకండి, నాకు బాగానే ఉంది. దొంగల్ని పట్టుకుపోయేవాళ్ళు, నడుముకి తుపాకీ—

అయ్యో! ఆ మాట ఎందుకన్నారు పిన్నీ! ఇది నా చేతిలో ఉందిగా!

సామ్యూల్! సామ్యూల్!

స్టాప్! స్టాప్ సర్, ప్లీజ్! ప్లీజ్!

…వెళ్ళండి పిన్నీ. పరుగెత్తండి. తమ్ముడి ఇల్లు ఎక్కడో చెప్పండి, మొన్న పుట్టినరోజు ప్రార్థన కూడిక జరిగింది చూడండి, ఆ ఇల్లు. మీకు తెలిసిన వీధే. చెప్పులొద్దు, వెళ్ళండి!

…

యెస్ సర్… యెస్. దెబోరా.

నో సర్. నో పోలీస్. మై ఆంటీ, సర్. షి ఈజ్ ఓల్డ్. షి గాట్ స్కేర్డ్, షి సెడ్ పోలీస్. ఐ సెడ్ నో… హియర్ ఓన్లీ, సర్. సిట్టింగ్.

పిన్నీ, ఏడవకండి. ఆ కుర్చీలో కూర్చోండి. మంచినీళ్ళు తాగండి…

యెస్ సర్. షి ఈజ్ క్రయింగ్.

…నో. ఐ విల్ నాట్ గో. టుమారో ఐ యామ్ సిక్… యెస్. ఐ సా నథింగ్.

ఎగైన్?… ఐ సా నథింగ్, సర్. దేర్ వాజ్ నో హేమర్—

నో, నో సర్! యు డిడ్ నాట్ సే హేమర్. యెస్. ఐ ఫర్గాట్. నో మ్యాన్, నో గరాజ్. నథింగ్. ప్లీజ్ డోంట్ టచ్ హిమ్…

సర్. వన్ థింగ్. వియ్ ఆర్ చర్చ్ పీపుల్. బిఫోర్ వియ్ పుట్ ది ఫోన్ డౌన్, వియ్ ప్రే. ఆల్వేస్. మై బ్రదర్ విల్ టెల్ యు… యెస్ సర్, ఇన్ అవర్ లాంగ్వేజ్. షార్ట్ ప్రేయర్… థాంక్యూ సర్.

…సామ్యూల్. ఉన్నావా?

నవ్వుతున్నాడా వాడు? నవ్వనీ. మన సంఘంలో చిన్న ప్రార్థన అంటే ఎంతో వాడికేం తెలుసు. తల వంచు. కళ్ళు మాత్రం మూయకు. మధ్యమధ్యలో స్తోత్రం అను, అలవాటుగా.

దయామయుడవైన తండ్రీ. ఈ మధ్యాహ్నపు వేళ నీ పాదసన్నిధికి వస్తున్నాము. నీకు స్తోత్రం…

తండ్రీ, లూసీ పిన్ని వట్టి కాళ్ళతో మంచులో పరుగెత్తింది. ఆ పాదాలను కాపాడు. కిటికీలోంచి కనబడుతోంది ప్రభువా, ముసలాయన తలుపు తీశాడు. లోపలికి తీసుకెళ్ళాడు. చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నాడు, చెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నాడు. నీకు వేలాది స్తోత్రాలు. నీ బంట్రౌతులు బయల్దేరతారు. దారిలో వాళ్ళకి ఏ ఆటంకమూ రానివ్వకు…

తండ్రీ, నా తమ్ముడు ఆ గదిలో ఎక్కడ ఉన్నాడో నీకు తెలుసు, నాకు తెలియదు. వాడే చెబుతాడు… గోడ వారగా, నేలమీద. స్తోత్రం. వాణ్ణి కట్టేశారా ప్రభువా?… కట్టలేదు. స్తోత్రం, స్తోత్రం! తలుపు వాడికి ఏ వైపు?… ఎడమవైపు. దూరంగానే ఉంది. ఆ తలుపు పగులుతుంది తండ్రీ. పగిలేటప్పుడు నా తమ్ముడు ముఖం నేలకి ఆనించి, తలమీద చేతులు పెట్టుకుని ఉండాలి. ప్రార్థన చివర నేనొక మాట అంటాను చూడు, ప్రతి ప్రార్థనకీ చివర అనేది. అది వినబడగానే వాడు పడిపోవాలి. ఆలోచించకూడదు…

తెలిసిందా తమ్ముడూ?… స్తోత్రం.

మెట్లమీద అడుగుల చప్పుడు నాకు వినబడదు ప్రభువా, వాడికే వినబడాలి. వినబడగానే వాడు గొంతెత్తి హల్లెలూయ అనాలి. వాళ్ళకి ఆ చప్పుడు వినబడకుండా గట్టిగా అనాలి…

యెస్ సర్… ఆల్మోస్ట్, సర్. ఓన్లీ ది సిక్ పీపుల్ ఆర్ లెఫ్ట్. అండ్ విడోస్… యెస్ సర్, క్విక్లీ.

రోగులను జ్ఞాపకం చేసుకుంటున్నాము తండ్రీ. దైవాశీర్వాదం అయ్యగారి మోకాళ్ళ నొప్పులను, ఉద్యోగం కోసం తిరుగుతున్న ఆ విశాఖపట్నం పిల్లవాణ్ణి జ్ఞాపకం చేసుకో. ఈ ఇద్దరిని కూడా జ్ఞాపకం చేసుకో. సుత్తి పట్టినవాడి చెయ్యి ఎండిపోవాలి! వద్దు తండ్రీ, ఎండిపోకూడదు. దానికి సంకెళ్ళు పడాలి, ఆరోగ్యంగా ఉండాలి…

వాళ్ళకి మాటిచ్చాను ప్రభువా, నేనేమీ చూడలేదని. అది అబద్ధం. నీకు తెలుసు. రేపు న్యాయసభలో మనిషి నిలబడితేనే సాక్ష్యం. నిలబడకపోతే ఆ జూదశాల మళ్ళీ వీళ్ళ చేతికే వెళ్తుంది, ఆ సుత్తి మళ్ళీ లేస్తుంది. కానీ తండ్రీ, విరిగినవి నా వేళ్ళు కావు. వాడు వద్దంటే మానేస్తాను. నిజంగా మానేస్తాను. నిన్ను కూడా ఏమీ అడగను…

నువ్వు చెప్పరా సామ్యూల్. తొందరేం లేదు.

…

…వినబడలేదు నాన్నా. ఇంకోసారి.

…వెళ్ళమంటున్నావా?

సరే. సరే తండ్రీ. వెళ్తాను. నీకు…

యెస్ సర్! ఫినిషింగ్! వన్ మినిట్ సర్, డోంట్—

నువ్వు అరుస్తున్నది… హల్లెలూయ! ఇంకా గట్టిగా అను! హల్లెలూయ!

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఆమెన్!

పడిపో! పడిపోరా!

…

అదేంటి? తలుపా? తుపాకీయా?… ఎవరు అరుస్తున్నది? సామ్యూల్, ఎవరది?

సామ్యూల్.

హలో. హలో… ఎవరైనా ఎత్తండి. నేలమీద పడి ఉంటుంది, ఎవరైనా ఎత్తండి…

…

యెస్! యెస్ ఆఫీసర్… సిస్టర్. ఐ యామ్ హిజ్ సిస్టర్. ఈజ్ హి…

ప్లీజ్ సే ఇట్ ఎగైన్.

…థాంక్యూ. యెస్, గివ్ హిమ్. గివ్ హిమ్, ప్లీజ్.

…తమ్ముడూ.

ఊఁ… ఊఁ… మాట్లాడకపోయినా పర్లేదు. ఊపిరి తీస్తున్నావుగా, అది వినిపిస్తోంది. చాలు.

…రక్తమా? ఎవరిది?… వాడిదా. ఎక్కడ తగిలింది?… తొడకి. బతుకుతాడా?… బతకాలి. ఎవరు పంపారో వాడు కూడా చెప్పాలి.

చెయ్యి ఏది? నిజం చెప్పు… కుడిది. గిటార్ చెయ్యి. మూడు వేళ్ళు… మూడోది పిన్ని అన్న మాటకా.

లేదు. పిన్నికి చెప్పను. నువ్వూ చెప్పకు. ఎప్పటికీ చెప్పొద్దు.

…రేపా? వెళ్తా. హాస్పిటల్‌కి వచ్చి నిన్ను చూసి, అటునుంచి అటే వెళ్తా. ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒకటి కాదు కదరా. ఆ షాపాయనది కళ్ళతో చూశాను. నీది చెవులతో విన్నాను. ఆ రెండు చేతులూ కమిషన్ ముందు పెడతాను, అప్పుడు రెన్యూ చేయమను చూద్దాం…

ఏంటి, ఉలిక్కిపడ్డావు? లేదురా, ఇప్పుడు అనొచ్చు. కమిషన్. కాంట్రాక్ట్. రెన్యువల్. చూశావా, ఎవ్వరూ కొట్టట్లేదు.

…ఏడువు. ఇప్పుడు నిజంగా ఏడువు.

ఆంబులెన్సు వచ్చిందా? వెళ్ళు. బూట్లు వేయించుకో, మంచు పడుతోంది… ఆ, వచ్చేస్తున్నా. పెట్టెయ్యి నువ్వు. నువ్వు పెట్టు ముందు.

…

పిన్నీ, వచ్చారా? బతికే ఉన్నాడు పిన్నీ. బాగానే ఉన్నాడు. మీ కాళ్ళు చూడండి, ఎలా అయిపోయాయో…

కాలిన వాసనా? అయ్యో, ఇస్త్రీపెట్టె. ప్లగ్ తీసేయండి. పోయిందా చీర? పోనీండి, పెట్టెలో ఇంకొకటి ఉంటుంది. రేపటికి ఏదైనా సరే, నలగకుండా ఉంటే చాలు.

ఫోనా? అవతల పెట్టేశారు పిన్నీ, నాకు తెలుసు. నేనూ పెట్టేద్దామనే చూస్తున్నాను. చెయ్యి రావట్లేదు. బిగుసుకుపోయింది. మీరే తీయండి… ఒక్కొక్క వేలూ విప్పండి పిన్నీ.

మెల్లిగా.