ఒలిచిన గింజలు

పావగడ దగ్గరి పల్లెలో అది వరుసగా మూడో కరువేడు. ఆకాశం ముసురుకోవడం చూసి, అత్తాకోడళ్లు ఇంట్లో మిగిలిన విత్తనపు వేరుశనగనంతా ఒలిచేశారు. మబ్బు మాత్రం చినుకు రాల్చకుండా బలసముద్రం ఊరి మీదుగా వెళ్లిపోయింది. ఒలిచిన గింజ ఎక్కువ రోజులు నిలవదు కనుక కోడలి దిగులు చూపు గింజల గంపను వదలడం లేదు.

“పొడి దుక్కిలోనే ఏసేద్దామా, అత్తా?”

“ఏస్తే చీమలకు పండగ.”

“ఏయకుంటే పుచ్చిపోతాయి. మళ్లీ ఏయను గింజ ల్యా.”

“రేడియోలో ఆయప్ప ఇన్‌పుట్టు, ఇన్‌పుట్టు అంటాండె. అదేందిమ్మే?”

“విత్తనం, ఎరువు, మందు. పంటకు మనం పెట్టేదంతా.”

“వాన?”

“దాన్ని చెప్పల్యా.”

“నీ కాలేజీలో గూడా ఆ మాట ఉండెనా?”

“కంప్యూటరు పాఠంలో ఉండె. దాంట్లో ఏసేది ఇన్‌పుట్టు, బయటికొచ్చేది ఔట్‌పుట్టు. ఏమీ రాకుంటే, ఏసేది ఆపి తప్పు యాడుండాదో చూసుకోవాల.”

“మనం ఆపితే ఏం తినాల?”

కోడలు కొంగు బిగించి గంప చంకనెత్తుకుంది.

“పదమ్మే,” అంది అత్త. “మనకు రాకున్నా, చీమలకన్నా ఔట్‌పుట్టు వస్తాది.”