మోకులో ఇద్దరు

గురవయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసేవోడు. గీసేవోడికి అంత ఒళ్లేందిరా అని ఆయన కల్లు తాగినోళ్లే నవ్వేవోళ్లంట. నడుం చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి ఏసుకునే తాడుంటది చూడు, మోకు, దాన్ని ఏడాదికోసారి పొడుగు చేయించుకునేవోడు. ఆ ఏడు ఏమైందంటే, పక్కూళ్లో ఇట్టాంటి ఒళ్లున్నోడే ఒకడు చెట్టు మీంచి పడి చచ్చిపొయ్యాడు. వాడి పెళ్లాం ఏడుపు చూసొచ్చాడు గురవయ్య. నేనూ ఇట్టా పోతే మా సీతారావమ్మకి ఎవరున్నారని ఒకటే బెంగ. టౌన్లో జిమ్ము నడిపేవోడి కాడికి పొయ్యాడు. వాడు బొటనేలంత సీసాలో తెల్లపొడి ఇచ్చి, నీళ్లు కలుపుకుని సూదితో పొట్టకి పొడుచుకో, ఇంకా బజార్లోకి రాని మందు, కొవ్వు ఇట్టే కరుగుద్దన్నాడంట. బజార్లోకి రాలేదంటే గొప్పదే అయ్యుంటదనుకున్నాడు, పిచ్చి మారాజు! పెళ్లాం కాడ దాచి పొడుచుకోడం మొదలెట్టాడు.

రెండు నెల్లు తిరక్కముందే మనిషి సగమయ్యాడు. ఊరంతా భేషంటంది. సీతారావమ్మ చేపలపులుసు చేస్తే మాత్రం ఆ వాసనకే కక్కుతాడు. లేస్తే కళ్లు తిరిగి గోడ పట్టుకుంటాడు. ఏందయ్యా అంటే ఏం లేదే అంటాడు. ఒకరోజు పొద్దున్నే చెట్టు మొదట్లో మోకేసుకుంటంటే కళ్లు తిరిగి చెట్టుకి ఆనుకున్నాడు. ఎనకాలే వచ్చిన సీతారావమ్మ చూసింది. చూసి ఏం చేసిందనుకున్నావు? అరిచిందా? లేదు. వదులుగా ఉంది గదా, ఆ మోకులోకి తనూ దూరింది! దూరి, ఆయన్ని కరుచుకుని, ఎక్కు, పడితే ఇద్దరం పడదాం అందంట. ఒసే, వొదలవే అన్నాడు. వొదల్ను, ఏం దాస్తన్నావో చెప్పు అంది. అంతే, అంత మొగోడూ ఆమె భుజమ్మీద తలపెట్టి బావురుమన్నాడు. నీకోసరమే పొడుచుకున్నానే అని చొక్కా ఎత్తి చూపించాడు. పొట్టంతా కందిపోయి గడ్డలు. ఆ గడ్డలు నిమురుతా ఆమె కూడా ఏడ్చింది పాపం.

సీసా చెంగున కట్టుకుని ఆయన్ని ఆస్పత్రికి నడిపించుకుపొయ్యింది. డాక్టరమ్మ సీసా మీద ఇంగిలీషు చదివి తల పట్టుకుందంట. ఇది ప్రయోగాలు చేసేవోళ్లకే, మనుషులు వాడకూడదని రాసుంది గదయ్యా, లోపల ఏం కలిపారో, నీ గుండెకేం చేసుద్దో నేనెట్టా చెప్పేది అందంట. సెలైనెక్కించి, పరీక్షలన్నీ చేయించి, ఒళ్లు తగ్గాలంటే నా కాడికి రా, నిదానంగా తగ్గిద్దాం అంది.

తేరుకోడానికి నాలుగు నెల్లు పట్టింది. ఇప్పుడు మళ్లీ ఎక్కుతన్నాడు, పొట్టి చెట్లే. ఆయన ఎక్కినంతసేపూ సీతారావమ్మ కింద చేతులు చాపి నిలబడుద్ది, పడితే పట్టుకుంటదంట! ఆమె చూస్తే చీపురుపుల్ల, ఆమేం పట్టుకుంటదయ్యా? ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే ఒక్కో అడుగూ చూసుకుని ఏస్తాడు.