ముంజేతి కొలత

హలో… ఆ, నేనే. చెప్పక్కా.

…లేదు, ఇంకా తినలేదు. స్కాన్ గదిలోనే ఉన్నాను. తలుపు వేసే ఉంది, మాట్లాడొచ్చు.

…ఆ, మెకానిక్ వచ్చాడు. ఇప్పుడే వెళ్లాడు.

…మిషన్‌కి ఏమీ లేదట. మూడోసారి రావడం, మూడోసారీ అదే మాట. అదేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

…నేనూ అదే అన్నాను. రోజూ పేషెంట్లు రాకముందు నా ముంజేతి మీద పెట్టి చర్మం మందం చూసుకుంటాను బాబూ, ఆరేళ్లుగా ఒకటే అంకె, ఒకటి పాయింట్ రెండు మిల్లీమీటర్లు. ఇప్పుడు ఒకటి పాయింట్ ఎనిమిది. మిషన్ పాడవకపోతే చర్మం దానంతటదే మందమవుతుందా, అని దెబ్బలాడాను.

…ఏమంటాడు. చొక్కా చేతులు మడిచి తన చెయ్యి పెట్టాడు. ఒకటి పాయింట్ రెండు. ఆయాని పిలిచాడు. ఆవిడకి ఒకటి పాయింట్ ఒకటి.

…ఆ. తేడా నాలోనే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాలుగు నెలలుగా మిషన్‌ని తిట్టాను.

…ఎలా తెలుస్తుందక్కా. ఇక్కడికొచ్చేవాళ్లంతా చర్మం బిగుసుకుపోయే జబ్బున్నవాళ్లే. అందరికీ ఎక్కువే చూపిస్తుంది.

…వేళ్లా? పొద్దున్నే బిగుస్తున్నాయి. ఏసీ వల్లేమో అనుకున్నాను. ఉంగరం పట్టట్లేదంటే, ఒళ్లు చేశావని మీ మరిది ఆటపట్టించాడు…

లేదు, ఆయనకింకా చెప్పలేదు.

…ఏడవట్లేదు. ఏడుపు రావట్లేదు. భయం కూడా లేదు. ఎవరిదో రిపోర్టు చదువుతున్నట్టుంది, అంతే.

…డాక్టరుగారికి సాయంత్రం చూపిస్తాను. ఆలోపు ఆయనకిచ్చే అంకె సరిగ్గా తీయాలి. నువ్వు రాగలవా?

…ఊరికే తోడుకి కాదు. స్కాన్ చేసే ప్రోబ్ ఉంటుంది చూడు, అది పట్టుకోవాలి. జెల్లు రాసి నా చేతి మీద ఊరికే ఆనించు. తెర నేను చూసుకుంటాను.

…ఆయాకి చెప్పొచ్చు. నువ్వయితే బాగుంటుందనిపించింది.

…నేనే చేసుకోవచ్చు. రోజూ చేసుకునేదే. కానీ నా చేతి మీద నాకు నమ్మకం లేదు.

…అది కాదక్కా. గట్టిగా నొక్కితే చర్మం అణుగుతుంది. అంకె తగ్గుతుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే నేర్పుతాను, నొక్కొద్దని.

…

నెల రోజులుగా నేను నొక్కుతూనే ఉన్నాను. ఆ ఒకటి పాయింట్ ఎనిమిది, నొక్కినా వచ్చిన అంకె.

…ఆ. వచ్చెయ్. పెట్టేస్తున్నా.