ఐసు దుకాణంలో యూరోపా

నాంపల్లి స్టేషన్ పక్క సందులో ఐసు దుకాణం. అన్నం డబ్బా తెచ్చిన నర్మద, దాన్ని మొగుడు సురేందర్‌కు ఇవ్వకుండా చంకలోనే పెట్టుకుని నిలబడింది.

“ఆమె గీడికెందుకొస్తది అంటే సందమామ ముచ్చట చెప్తవేంది?”

“చెప్తున్న గదనే! తబిత మేడం, ఆబిడ్స్‌ల కాలేజీ టీచరు. గురుగ్రహం సుట్టు తిరిగే సందమామ ఒకటున్నదట, యూరోపా. పైనంత ఐసే. దాని మీద పగుళ్లెట్ల వస్తయో మన ఐసుగడ్డల మీద సూసుకుంటది.”

“సూసుకుంటది సరే. రోజూ ఎందుకు?”

“రోజూ యాడ? ఒకరోజిడిచి ఒకరోజు.”

“చాయ్ హోటల్ వీరమ్మ రోజూ అన్నది.”

“వీరమ్మకేం పని లేదు.”

“ఫోటువలు గూడ తీస్తదట.”

“ఐసుగడ్డలయి తీస్తదే! జర డబ్బా ఇయ్యి, ఆకలైతున్నది.”

“ఇయ్య. పొద్దున తలకు రంగేసుకున్నవ్. ఐసుగడ్డలకు సూపెట్టనీకా?”

“తెల్లగైతే ఏసుకోవద్దా?”

“మా తమ్ముని పెండ్లికి ఏసుకోమని మొత్తుకుంటే ఏసుకోలే నువ్వు.”

“జర ఇను. గురుగ్రహం శానా పెద్దది. యూరోపా దగ్గరికి పోతే గట్టిగ గుంజుతది, దూరం పోతే జర ఇడుస్తది. గట్ల సాగి, ముడుసుకొని, పైన పగులుతది. లోపల వేడి పుడతది. అందుకే ఐసు కింద సముద్రమున్నదంటరు.”

“లోపల వేడి పుడతదా? సమజైంది. నా కడుపుల గదే ఐతున్నది.”

“నర్మదా...”

“పదో తరగతి ఫెయిలైనోనివి, గింత పాఠం ఎవరి కోసం బట్టీ పట్టినవ్? నిద్రల గూడ యూరోపా అంటున్నవ్. నాకు కుళ్లుగున్నది. ఔ, కుళ్లే! నెల కింద నువ్వు కాచిగూడకు లోడు ఏసుకపోయిన రోజు ఆమె గీడనే కూసొని నాతోని నవ్వుకుంట గంటసేపు మాట్లాడింది. మంచామె అనుకున్న. నా మొగుని మీదనే కన్నేసిందని నాకేమెరుక?”

“కన్ను లేదు, ఏం లేదు. ఆయితారం ఆబిడ్స్‌ల ఇస్కూలు పిల్లలకు ప్రోగ్రాం పెట్టింది. ఐసు పగలగొట్టి సూపెట్టుకుంట గీ ముచ్చటంత చెప్పాలె.”

“దానికి నిన్ను పిలిచిందా?”

సురేందర్ కాలి దగ్గరున్న ఐసుముక్కను పక్కకు తన్నాడు.

“ఏంది, నేల సూస్తవ్? పిలిచిందా, లేదా?”

“పిలవలే.”

“మరెవర్ని పిలిచింది?”

“నిన్ను. నీ లెక్క నవ్వించుకుంట చెప్పేటోళ్లే కావాల్నట. నన్ను పిలుస్తదేమోనని, నువ్వు ఊరికి పోయినవని చెప్పిన. నేను గింత నేర్సుకున్నా, వచ్చినప్పుడల్లా ‘నర్మద ఊరి నుంచి వచ్చిందా’ అనే అడుగుతది.”